మిషన్‌కు సాన పెట్టే గంట కూడా డ్యూటీ గంటే



మంచు పడే దేశాల్లో చలికాలం వస్తే గోల్ఫ్ కోర్సులు మూసేస్తారు. గడ్డి కోసే మిషన్లను షెడ్డులోకి తోసి, విప్పి, రీళ్లకు సాన పెట్టి, బేరింగులు మార్చి తయారుగా పెట్టుకుంటారు. మన దగ్గర లెక్క ఉల్టా. ఇక్కడ చలికాలమే సీజన్. నవంబర్‌లో జుమేరా గోల్ఫ్ ఎస్టేట్స్‌లో, జనవరిలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో పెద్ద టోర్నమెంట్లు జరుగుతాయి. ఏ కోర్సులోనైనా పొద్దుగాల ఆటగాళ్లు రాకముందే గ్రీన్లు కోసెయ్యాలి, అదీ సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు. మిషన్‌కు రెస్టు లేదు, మనకూ లేదు.

మరి రీలు మొద్దుబారకుండా ఉంటుందా? గ్రీన్ల మీద చల్లే ఇసుక పదును తినేస్తుంది. జెబెల్ అలీ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది. కొసలు ఎండి తెల్లబడితే ఫోర్‌మన్ తిట్టేది ఆపరేటర్‌నే. అందుకని డ్యూటీ అయ్యాక, నిద్రకళ్లతో సాన పని. "పదిహేను నిమిషాల పనే, కానిచ్చి పో" అంటారు. అది గంటన్నర అవుతుంది. టైమ్ షీట్‌లో మాత్రం ఎక్కదు.

ఇదివరకు నేను పనిచేసిన ఒక చోట మా రూము తమ్ముడు ఇట్లనే రాత్రిపూట రీలులో ఇరుక్కున్న గడ్డి తీయబోయాడు. ఇంజన్ ఆపే ఉంది. కానీ రీలులో ఒక బ్లేడును కదిపితే మిగతావన్నీ కూడా తిరుగుతాయి. చూపుడు వేలి కొస పోయింది. తప్పు ఆ పిల్లగానిదా, పొద్దున నాలుగింటి నుంచి నిలబెట్టిన డ్యూటీదా?

నా మాట ఒక్కటే. కడగడం, గ్రీజు పెట్టడం, సాన పట్టడం, ఇవన్నీ పనే. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం మామూలుగా రోజుకు 8 గంటలే డ్యూటీ. ఆపైన చేస్తే ఓటీ, బేసిక్ లెక్కన కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. షిఫ్టు వాళ్లకు తప్ప, రాత్రి 10 నుంచి పొద్దున 4 లోపు చేయిస్తే 50 శాతం.

"అడిగితే పంపేస్తరేమో" అని భయం. ఒక్కడు అడిగితే భయమే. నలుగురు కలిసి, మర్యాదగా, తేదీలూ గంటలూ ఫోన్‌లో రాసుకుని అడగండి. ఒక సెట్ రీళ్లు అదనంగా ఉంటే పగలే మార్చి సాన పట్టొచ్చని ముదీర్‌కు చెప్పండి. గడ్డి బాగుంటే ఆయనకూ లాభమే. వినకపోతే కార్మిక శాఖ నంబర్ 600590000 ఉంది.

అప్పటిదాకా ఈ మూడూ మరవొద్దు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. ఇరుక్కున్నది కట్టెతోనే తీయండి, రీలును తిప్పాల్సి వస్తే మందపాటి గ్లోవ్స్ వేసుకోండి. హైడ్రాలిక్ ఆయిల్ కారుతుంటే చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరితే, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఊళ్లో వరికోతకు ముందు కొడవలికి కక్కు కొట్టించడానికి కమ్మరి దగ్గర కూర్చున్న పూటను ఎవరూ దండగ అనలేదు. ఇక్కడ కూడా అనొద్దు.