బడి సరిహద్దుకు కడుతున్న ధర

అమెరికాలో స్థిరపడుతున్న తెలుగు ఇళ్లలో పెద్దబిడ్డకు నాలుగేళ్లు నిండితే చాలు, ఇల్లు ఎక్కడ కొనాలన్న చర్చ మొదలవుతుంది. కాలిఫోర్నియాలో కూపర్టినో, ఫ్రీమాంట్‌లోని మిషన్ శాన్‌హోసే, టెక్సస్‌లో కొప్పెల్, ఫ్రిస్కో... ఈ పేర్లు గుంటూరులో, కరీంనగర్‌లో ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు కూడా నోటికి వచ్చేశాయి. ఆ స్కూల్ డిస్ట్రిక్టుల్లో దొరికే అతి చిన్న ఇంటి కోసం, అదీ రెండు బెడ్‌రూముల పాత కాండో (అపార్టుమెంట్ ఫ్లాట్) కోసం, ఆలుమగల జీతాలు రెండూ ముప్పై ఏళ్లకు బ్యాంకుకు రాసిచ్చేస్తున్నారు. డౌన్ పేమెంట్ చాలకపోతే ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో పొలమో ప్లాటో అమ్మి పంపిస్తున్న తల్లిదండ్రులూ ఉన్నారు. బిడ్డల చదువు కోసం పడే ఈ ఆరాటాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ అంత డబ్బు పోసి కొంటున్నది ఏమిటో నిదానంగా లెక్క చూసుకోవాలి. ఆ ధరలో పెద్ద భాగం బడి నేర్పే చదువుకు కాదు. చదువుకున్న కుటుంబాలు ఆ బడికి తెచ్చిపెట్టిన మార్కులకు. అంటే, మన ఇంటి నుంచి వెళ్లే విలువనే మనం తిరిగి కొనుక్కుంటున్నాం.

మన దగ్గర చదువుకూ ఇంటి చిరునామాకూ ఇంత గట్టి ముడి లేదు. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లు పిల్లల్ని గచ్చిబౌలి బడికి బస్సులో పంపుతారు. అడ్డంకి ఏదైనా ఉంటే అది ఫీజే. అమెరికా ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు గానీ సాధారణంగా ఆ బడి పరిధిలో కాపురం ఉండాలి. ఏ వీధి ఏ బడి కిందికి వస్తుందో మ్యాపులో గీత గీసి ఉంటుంది. చదువు ఉచితం కాబట్టి, దాని మీద ఉన్న గిరాకీ అంతా గీత లోపలి ఇళ్ల ధరల్లోకి ఎక్కుతుంది. ఆర్థికవేత్త సాండ్రా బ్లాక్ మసాచుసెట్స్ శివారు ప్రాంతాల్లో గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. బడి పరీక్షల సగటు అయిదు శాతం పెరిగితే, తల్లిదండ్రులు ఇంటికి దాదాపు రెండున్నర శాతం ఎక్కువ పెట్టడానికి సిద్ధపడుతున్నారని అందులో తేలింది.

ఈ గీతకు కాపలా కూడా ఉంది. ఒహాయోలోని అక్రన్‌లో ఒక తల్లి తన ఇద్దరు కూతుళ్లను పక్క డిస్ట్రిక్టు బడిలో చేర్చడానికి తన తండ్రి చిరునామా ఇచ్చింది. 2011లో ఆమెకు జైలుశిక్ష పడింది. గవర్నరు జోక్యం చేసుకుని నేర తీవ్రతను తగ్గించాల్సి వచ్చింది. ప్రభుత్వ బడిలో బిడ్డను చేర్చడమే నేరమయ్యే చోట, ఇంటి ధర బడి ప్రవేశ రుసుముగా మారిందని వేరే చెప్పనక్కర్లేదు.

డబ్బు వల్లేనా ఈ తేడా?

ధనిక ప్రాంతాల బడులకు పన్నులు ఎక్కువ వస్తాయి, అందుకే అవి బాగుంటాయి అన్నది అందరూ చెప్పే మాట. చాలా రాష్ట్రాల్లో అది నిజమే. అమెరికాలో బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానికంగా, ప్రధానంగా ఇంటి పన్ను రూపంలో వస్తుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పేద ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు తల్లిదండ్రులు, పక్కనే ఉన్న సంపన్న అలామో హైట్స్‌తో పోల్చి తమ పిల్లలకు అన్యాయం జరుగుతోందని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1973లో కోర్టు 5-4 తేడాతో వారి వాదనను తోసిపుచ్చింది. విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. చిరునామాను బట్టి చదువు మారడానికి అలా రాజముద్ర పడింది.

కాలిఫోర్నియా వేరే దారి పట్టింది. సెరానో కేసులో 1971లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు, బడి నిధులు ఆ ప్రాంత సంపద మీద ఆధారపడకూడదని చెప్పింది. 1978లో ప్రొపొజిషన్ 13 అనే చట్టం ఇంటి పన్నుకు పగ్గం వేశాక నిధుల పంపిణీ చాలావరకు రాష్ట్రం చేతుల్లోకి వెళ్లింది. 2013 నాటి నిధుల సూత్రం పేద పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులకు అదనంగా ఇస్తోంది. పాలో ఆల్టో వంటి కొన్ని డిస్ట్రిక్టులు తమ ఇంటి పన్ను రాబడితోనే నడిచి ఇప్పటికీ ధనికంగానే ఉన్నాయి. ఆ మినహాయింపును పక్కన పెడితే, రాష్ట్రంలో డబ్బు తేడా బాగా తగ్గింది. ఇళ్ల ధరల తేడా మాత్రం తగ్గలేదు.

ఇందుకు ఫ్రీమాంట్ ఊరే సాక్ష్యం. ఆ ఊరంతటికీ ఒకటే డిస్ట్రిక్టు. ఒకటే స్కూల్ బోర్డు, టీచర్లకు ఒకటే జీతాల పట్టిక. అందులో అయిదు పెద్ద హైస్కూళ్లున్నాయి. అయినా మిషన్ శాన్‌హోసే హైస్కూలు పరిధిలో ఉన్న ఇంటికి, అదే ఊళ్లో కెనెడీ హైస్కూలు పరిధిలోని అలాంటి ఇంటికన్నా లక్షల డాలర్లు ఎక్కువ పెట్టాలి. యాజమాన్యం ఒకటే, బడ్జెట్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? పక్క బెంచీలో ఎవరి పిల్లలు కూర్చుంటారన్నదే ఆ తేడా. ఇద్దరు ఇంజనీర్ల పిల్లలు, ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు, సాయంత్రం గణితం ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు చేరితే ఏ బడికైనా సగటు మార్కులు పెరుగుతాయి. మార్కులు పెరిగితే రేటింగ్ పెరుగుతుంది, రేటింగ్‌తో ఇంటి ధర, ధరతో వచ్చేవారి ఆదాయం. కొత్తగా వచ్చినవారి పిల్లలు ఆ సగటును ఇంకొంచెం ఎత్తుతారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు షాన్ రియర్డన్ దేశవ్యాప్తంగా కోట్ల కొద్దీ పరీక్ష ఫలితాలను పరిశీలించి ముఖ్యమైన తేడాను బయటపెట్టారు. సగటు మార్కులు చాలావరకు కుటుంబాల ఆదాయాన్ని, చదువును చెబుతాయి. బడి పనితీరు తెలియాలంటే పిల్లలు ఏడాదికేడాది ఎంత ముందుకు వెళ్లారో చూడాలి. ఈ రెండో కొలతలో పేద డిస్ట్రిక్టులూ కొన్ని ముందున్నాయి. మార్కుల సగటు తక్కువగా ఉండే షికాగోలో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా, అయిదేళ్లలో పిల్లలు ఆరేళ్ల చదువుకు సమానమైన ప్రగతి సాధించారని ఆయన లెక్క తేల్చారు. ఇల్లు వెతికే యాప్‌లో ధర పక్కన కనిపించే పదికి తొమ్మిది, పదికి పది అన్న బడి రేటింగ్ మాత్రం ఎక్కువగా పరీక్షల మార్కుల నీడలోనే నడుస్తుంది.

నెలవారీ లెక్క

కూపర్టినోలో విడి ఇల్లు 20 లక్షల డాలర్లు దాటి చాలాకాలమైంది. మొదటి ఇల్లు కొనే కుటుంబానికి మిగిలేది కాండో. ఉదాహరణకు 11 లక్షల డాలర్ల కాండో తీసుకుందాం. ఇరవై శాతం, అంటే 2.2 లక్షలు చేతిలోంచి పెట్టాలి. మిగిలిన 8.8 లక్షలకు ఆరున్నర శాతం వడ్డీతో ముప్పై ఏళ్ల మార్ట్‌గేజ్ తీసుకుంటే నెలకు దాదాపు 5,560 డాలర్లు. ఇంటి పన్ను సుమారు 1,100, ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌వోఏ) రుసుము 500 అనుకుంటే మొత్తం ఏడు వేలు దాటుతుంది. మొదటి నెల కంతులో అసలుకు జమయ్యేది దాదాపు 800 డాలర్లు మాత్రమే. మిగతాదంతా వడ్డీ. అదే వీధిలో అలాంటి ఇల్లు నాలుగు వేల డాలర్ల చుట్టూ అద్దెకు దొరికితే, బడి విషయంలో రెండు కుటుంబాలకూ తేడా లేదు. బడి అడిగేది నివాసం. ఆ నివాసం సొంతమా, అద్దెదా అన్నది దానికి అక్కర్లేదు. అద్దె ఒప్పందం పట్టుకెళ్లినా అదే తరగతి, అదే టీచరు.

చిన్న ఇళ్లు దొరక్కపోవడానికీ కారణాలున్నాయి. 2021 మొదట్లో మూడు శాతం లోపు వడ్డీకి అప్పు దొరికింది. 2023 అక్టోబరు నాటికి అది ఎనిమిది శాతం అంచుకు వెళ్లింది. చవక వడ్డీ అప్పు ఉన్నవారు దాన్ని వదులుకుని ఇల్లు మారడానికి ఇష్టపడటం లేదు. కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్ 13 దీనికి తోడైంది. ఇల్లు అమ్ముడుపోనంత కాలం పన్ను వేసే విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. 1980లో లక్షన్నరకు కొన్న ఇంటి పన్ను విలువ 2025లో కూడా 3.66 లక్షలు దాటదు. పక్కింటిని 20 లక్షలకు కొన్న యువదంపతులు అయిదు రెట్లకు పైగా పన్ను కడతారు. పిల్లలు చదువు పూర్తిచేసి వెళ్లిపోయిన ఇళ్లలో పెద్దవాళ్లు కదలరు. పిల్లలున్నవారికి ఇల్లు అందదు. ధర ఇంతగా పెరిగిన కూపర్టినో డిస్ట్రిక్టులోనే పిల్లల సంఖ్య తగ్గి 2022లో ప్రాథమిక బడులు మూతపడ్డాయంటే ఈ పద్ధతి ఎక్కడికి దారితీస్తోందో తెలుస్తుంది.

హామీ లేని కొనుగోలు

ఇంత పెట్టినా బడికి హామీ ఉందా అంటే లేదు. గీత గీసే అధికారం స్కూల్ బోర్డుది. అవసరమైతే బోర్డు దాన్ని చెరిపి మళ్లీ గీస్తుంది. 2000 ప్రాంతంలో ఫ్రీమాంట్‌లో సరిహద్దులు మార్చి కొన్ని వీధుల్ని మిషన్ శాన్‌హోసే నుంచి ఇర్వింగ్టన్ హైస్కూలుకు మార్చినప్పుడు, తల్లిదండ్రులు డిస్ట్రిక్టు నుంచే విడిపోతామని ఉద్యమించారు. టెక్సస్‌లో ప్లేనో డిస్ట్రిక్టు కూడా పిల్లలు తగ్గారని 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఇంటి దస్తావేజులో బడి పేరు ఉండదన్న సంగతి ఆఫర్ పెట్టే హడావుడిలో గుర్తుకు రాదు.

కాలేజీ ప్రవేశాల దగ్గర మరో చిక్కు ఉంది. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం ప్రతి హైస్కూలులో పై పది శాతంలో నిలిచిన వారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. గిరాకీ ఎక్కువైన ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఈ కోతను 2026 నుంచి అయిదు శాతానికి కుదించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ కూడా ప్రతి బడిలో పై తొమ్మిది శాతాన్ని విడిగా గుర్తిస్తుంది. రెండు చోట్లా బిడ్డను పోల్చేది తన బడిలోని తోటివారితోనే. అందరూ చురుకైనవారే ఉన్న బడిలో, మరోచోట మొదటి వరసలో ఉండగలిగిన బిడ్డ ఇరవయ్యో శాతం దగ్గర ఆగిపోవచ్చు. ఆ పోటీలో పదిహేనేళ్ల పిల్లలు నిద్ర మానుకుని, తమ విలువను ర్యాంకుతో కొలుచుకుంటూ గడుపుతున్నారు. ఇంటి ధరలో ఈ భారం రాసి ఉండదు. మోసేది మాత్రం బిడ్డే.

పెద్దవాళ్ల భారం మరో రకం. అప్పట్లో న్యాయశాస్త్ర ఆచార్యురాలైన ఎలిజబెత్ వారెన్ తన కూతురితో కలిసి 2003లో రాసిన ‘ద టూ ఇన్‌కమ్ ట్రాప్’ పుస్తకంలో ఒక హెచ్చరిక చేశారు. మంచి బడి ఉన్న ఇళ్ల కోసం కుటుంబాలు పోటీపడి రెండో జీతాన్నీ కంతులోకి పంపాయి. దాంతో ఒక ఉద్యోగం పోయినా తట్టుకునే శక్తి కోల్పోయాయి. హెచ్‌-1బీ వీసా మీద ఉన్న తెలుగు కుటుంబానికి ఇది ఇంకా కఠినం. లేఆఫ్ అయితే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. గ్రీన్‌కార్డు వరస భారతీయులకు ఏళ్ల తరబడి కదలదు. దేశంలో ఉండే హక్కే ఉద్యోగంతో ముడిపడినప్పుడు, ముప్పై ఏళ్ల అప్పును రెండు జీతాల అంచు దాకా లాగడం ప్రమాదం. ఇక్కడి తల్లిదండ్రులు అమ్మిన పొలం మళ్లీ కొనగలిగేది కాదు కనుక ఆ ప్రమాదంలో వాళ్లకూ వాటా ఉంది.

గీత లోపలికి వచ్చాక

కుటుంబాలకు నేను చెప్పేది సూటి మాట. బడి కోసమైతే ముందు ఆ పరిధిలో అద్దెకు ఉండి చూడండి. బిడ్డ ఆ బడిలో సంతోషంగా ఉందో లేదో ఏడాదిలో తెలుస్తుంది. మార్కుల సగటు కాకుండా పిల్లల ప్రగతి చూడండి. పదికి ఏడు వచ్చిన బడికి స్వయంగా వెళ్లి టీచర్లతో మాట్లాడండి. మన పిల్లలకు మనం ఇంట్లో ఇచ్చే చదువు వాతావరణం ఏ డిస్ట్రిక్టుకు వెళ్లినా వారి వెంటే వస్తుంది. ఇల్లు కొనేటప్పుడు, ఆ బడి రేపు లేకపోయినా ఈ ఇంట్లో ఉండగలమా, ఒక్క జీతంతో కొన్నాళ్లు కంతులు కట్టగలమా అని అడగండి. రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే కొనండి.

బాధ్యత అక్కడితో తీరదు. గీత లోపల చిన్న ఇళ్లు కరవవడానికి పెద్ద కారణం, చాలాచోట్ల ఒక్కో ప్లాటుకు ఒక్కటే ఇల్లు కట్టాలన్న ఊరి నిబంధనలు. కాలిఫోర్నియా 2021లో ఎస్‌బీ 9 చట్టంతో విడి ఇంటి స్థలంలో రెండు ఇళ్లకు దారి తెరిచింది. 2017 నాటి ఎస్‌బీ 35 ఇళ్ల లక్ష్యం చేరుకోని ఊళ్లలో నిబంధనలకు లోబడిన ప్రాజెక్టులకు వేగంగా అనుమతులు ఇచ్చేలా చేసింది. ఆ చట్టం కింద కూపర్టినోలో మూతపడిన వాల్కో మాల్ స్థలంలో వేల ఇళ్ల ప్రణాళికకు అనుమతి వస్తే స్థానికులు కోర్టుకు వెళ్లారు. బడులు కిక్కిరిసిపోతాయన్న భయం ఇలాంటి వ్యతిరేకతల్లో తరచూ వినిపించే వాదన. బడులు ఖాళీ అయి మూతపడుతున్న చోట ఆ వాదన నిలబడదు.

కష్టపడి లోపలికి వచ్చిన మనవాళ్లు ఈ విషయంలో తమ పక్షం ఎంచుకోవాలి. సిటీ కౌన్సిల్లో అపార్టుమెంట్ల మీద చర్చ జరిగిన రోజు మన ఓటు, మన గొంతు తర్వాత వచ్చే కుటుంబం తరఫున పలకాలి. ఆ కుటుంబం తెలుగుదే కానక్కర్లేదు. అదే బడిలో పాఠం చెప్పే టీచరుదీ, మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగిదీ కావచ్చు. తమ పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఆ ఊళ్లో ఇల్లు కొనలేని చోటును ఏ తల్లిదండ్రులూ మంచి స్కూల్ డిస్ట్రిక్టు అని పిలవకూడదు. చిన్న ఇళ్లు పెరిగితే మన ఇంటి ధర కొంత తగ్గవచ్చు. ఆ తగ్గుదలను ఒప్పుకోవడానికి సిద్ధపడితేనే, చదువు కోసం వలస వచ్చామని మనం చెప్పుకునే మాట నిజమవుతుంది.