కక్ష ఆగిన చోట

మొన్నామధ్య జమ్మలమడుగు కుర్రాడొకడు మా ఆఫీసుకొచ్చాడు. ప్రొద్దుటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కథేదైనా తెచ్చాడేమో అనుకున్నాను. సంచిలోంచి ఇంగ్లీషు పుస్తకమొకటి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పదోది సార్, ఆఖరిది. అయిపోయినాక రెండు దినాలు అన్నం సయించల్యా. మీరు చదవాల" అన్నాడు. పదోది చదవాలంటే ముందు తొమ్మిదీ కావాలి కదా అంటే, వారం తిరక్కుండానే అవీ మోసుకొచ్చాడు. నాకు నెలన్నర పట్టింది. ఆ తర్వాత ఇదే కథతో తీసిన యానిమేలో, అంటే జపాను యానిమేషన్ సీరియల్‌లో, చివరి భాగాలు కూడా అతని ల్యాప్‌టాప్‌లోనే చూశాను. ఈసారి ఈ పేజీ దానికే ఇస్తున్నాను.

జపాను రచయిత యొషికి తనాకా రాసిన ఈ నవల పేరు 'గింగా ఎయియూ దెన్సెత్సు'. పాలపుంత వీరుల గాథ అనుకుందాం. మొదటి సంపుటం 1982లో, పదోది 1987లో వచ్చాయి. 1988 నుంచి 1997 దాకా 110 భాగాల యానిమేగా తీసి, చందా కట్టినవాళ్లకు వీడియో క్యాసెట్లు పోస్టులో పంపారు. ఇంగ్లీషులో ఆఖరి సంపుటం 2019లో గానీ రాలేదు. అంతరిక్షంలో సాగే ఇలాంటి వీరగాథల్ని స్పేస్ ఒపేరా అంటారు. నౌకలు, నక్షత్రాలు తీసేస్తే ఇది అచ్చంగా మనకు తెలిసిన కథే.

ఒకపక్క సామ్రాజ్యం, ఇంకోపక్క ప్రజాస్వామ్య కూటమి. నూటయాభై ఏళ్లుగా యుద్ధం. ఎందుకు మొదలైందో గుర్తున్నవాళ్లు లేరు; తండ్రి చచ్చిపోయాడు కాబట్టి కొడుకు పోతున్నాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర లేదు. ఎవరి తాతను ఎవరు చంపారో తెలిసి, ఫలానా వీధి తప్పించి చుట్టు తిరిగి బడికొచ్చిన పిల్లలు నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

కూటమి సేనాని యాంగ్ వెన్‌లీ చరిత్ర చదువుకుందామనుకుని డబ్బుల్లేక సైనిక బడిలో చేరినవాడు. ఒక్క యుద్ధమూ ఓడడు. చక్రవర్తితో సంధి మాట్లాడడానికి పోతూ, ఎనిమిదో సంపుటంలో, దారిలోనే హంతకుల చేతిలో పోతాడు. తూటా తొడలో దిగుతుంది. మెడకున్న గుడ్డ విప్పి తనే కట్టుకుంటాడు. నెత్తురు ఆగదు. నడవాలో గోడకు చేరగిలబడి, భార్యకూ పెంచిన పిల్లవాడికీ మనసులోనే క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను.

మన వీరగాథయితే ఇక్కణ్ణుంచి పగ మొదలవుతుంది. పల్నాటి కథనే తీసుకోండి. పగ పెరిగి పెరిగి కారంపూడిలో వీరులందరూ కూలిపోయాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోతాడు. మిగిలినవాళ్లు ఏటా వీరుల్ని తలుచుకుంటారు. తనాకా ఆ దారిన పోలేదు. యాంగ్ పెంచిన జూలియన్‌కు ఇరవై కూడా నిండలేదు. చివరి యుద్ధం జరిగేది శివ అనే నక్షత్ర మండలంలో. జపాను రచయిత ఆ పేరెందుకు ఎంచుకున్నాడో గానీ, చూడగానే ఒళ్లు జలదరించింది. జూలియన్ శత్రువుల నౌకలోకి దూరి, తోటివాళ్లను పోగొట్టుకుంటూ, ఒళ్లంతా నెత్తురుతో చక్రవర్తి రైన్‌హార్డ్ ముందు నిలబడతాడు. చంపడానికి రాలేదు, మాట్లాడడానికి వచ్చాడు. చక్రవర్తికి ఇరవై అయిదేళ్లు, మందు లేని జబ్బు. జూలియన్ తన కోట అప్పగిస్తాడు. బదులుగా ఒక్క నక్షత్ర మండలానికి స్వపరిపాలన, సామ్రాజ్యానికి ఎప్పటికైనా ఒక రాజ్యాంగం అడుగుతాడు. అంత యుద్ధం చేసి ఇంతేనా అని నాకు మొదట అనిపించింది. రెండోసారి చదివితే తెలిసింది, అంతకు మించి అడిగితే ఇంకో నూటయాభై ఏళ్లు పట్టేదని.

దీన్ని తెలుగులోకి తేవాలి. యానిమే మన పిల్లలకు కొత్త కాదు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' తెలుగు మాటలతో థియేటర్లకే వచ్చింది. పరాయి వీరులు మనకెందుకు అనేవాళ్లు ప్రొద్దుటూరు చరిత్ర గుర్తు చేసుకోవాలి. జమ్మలమడుగు సీమలో పుట్టి, ప్రొద్దుటూరులో జంటగా అవధానాలు చేసిన దుర్భాక రాజశేఖర శతావధాని మేవాడు రాణాప్రతాపుణ్ణి, గడియారం వేంకట శేషశాస్త్రి మరాఠా శివాజీని కావ్యాలకు ఎక్కించారు. ఆ వీరులది మన ఊరు కాదని ఎవరూ పక్కన పెట్టలేదు. పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో వెళ్లి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. ఆయన 'అనువాద సమస్యలు'కు 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇలాంటి నేల మీద అనువాదకులు దొరకరంటే నేను నమ్మను. పనికి దిగేవాళ్లుంటే ఈ పత్రికలో సీరియల్‌గా చోటిస్తాం. యాంగ్‌ను గ్రాంథికంలో మాట్లాడించొద్దని మాత్రం ముందే కోరుతున్నాను. అతను టీ తాగుతూ, సగం నిద్రలో, మన పక్కింటి లెక్చరరులా మాట్లాడే మనిషి.

చివరి పేజీ గురించి కుర్రాడు అప్పుడే చెప్పాడు, నేను చదివేదాకా నమ్మలేదు. మిట్టర్‌మయర్ అని చక్రవర్తి సేనాని ఒకడున్నాడు. ప్రాణమిత్రుడు రాయెంటాల్ తిరగబడితే, చక్రవర్తి ఆజ్ఞ మీద అతనిపైకి సేనను నడిపించినవాడు. రాయెంటాల్ పోయాక అతని పసిబిడ్డను తెచ్చి పెంచుకుంటున్నాడు. చక్రవర్తి కన్నుమూసిన రాత్రి ఆ బిడ్డను ఎత్తుకుని బయటికొస్తాడు. తండ్రి ఎవరో, ఎందుకు పోయాడో ఏమీ తెలియని ఆ పిల్లవాడు ఆకాశంలోకి చెయ్యి చాచి, నక్షత్రాన్ని అందుకోబోతాడు.