మర్జీనా కత్తి ఎవరి చేతికి పోయినది?

కథ వినుటలో గల ఆనందం దేశకాలాలకు అతీతమైనది. మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకు అలిఫ్ లైలా కథలు ఎంత పరిచితాలో, తెలుగు చదివేవారికి మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు అంత పరిచితాలు. తెలుగునాట జానపద చిత్రాలు ఈ రెండు ధారల నీరు తాగి పెరిగినవే. సాలూరు మొదలుకొని అరకు వరకు ఈ కొండల మధ్య నివసించే మనవంటి వారికి ఆ చిత్రాలు చిన్ననాటి నేస్తాలు. వాటిపై మాకు ద్వేషం లేదు. అయినా వాటిని గురించి ఒక ప్రశ్న చాలకాలంగా మా మనస్సును బాధిస్తున్నది. పాతకథలలో స్త్రీ చేసిన సాహసకార్యం తెరమీదికి వచ్చేసరికి ఎవరి పాలైనది?

ఆలీబాబా కథనే తీసుకొందాము. గుహ తలుపు తెరిచే మాట ఆలీబాబాకు దొరకడం కేవలం అదృష్టం. తరువాత అతని ఇంటిని నిలబెట్టినది దాసి మర్జీనా. హతుడైన కాసిం దేహాన్ని కుట్టించడానికి ముసలి చెప్పులవాని కళ్లకు గంతలు కట్టి తీసుకొనివచ్చినది ఆమె. దొంగ తమ తలుపుపై గుర్తు పెట్టి పోతే, ఇరుగుపొరుగు తలుపులన్నింటిపై అదే గుర్తు పెట్టి వానిని తికమక పెట్టినది ఆమె. దీపంలో నూనె లేక, వర్తకుని వేషంలో వచ్చిన దొంగలనాయకుని జాడీలవద్దకు వెళ్లి, లోపలినుండి మాట వినిపించగానే బెదరక బదులు చెప్పి, 37 మందిని కాగిన నూనెతో కడతేర్చినది కూడ ఆమెయే. చివరకు నృత్యం చేస్తూ నాయకుని గుండెలో కత్తి దింపినది ఆమె. యజమాని నిద్రపోతున్నాడు, లేదా అతిథికి మర్యాదలు చేస్తున్నాడు. ఈ కథలో వీరుడు ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కథ 1970లో శ్రీ బి. విఠలాచార్య దర్శకత్వంలో "ఆలీబాబా 40 దొంగలు"గా తెలుగు తెరకు వచ్చినది. నందమూరి తారకరామారావుగారు ఆలీబాబా, కుమారి జయలలిత మర్జియానా. అంతకుముందు 1956లో తమిళంలో ఎం.జి. రామచంద్రన్, భానుమతి ఇదే కథలో నటించి ఉన్నారు. మూలకథలో మర్జీనా పెండ్లాడేది ఆలీబాబా కుమారుని. అదికూడ ఆమె చేసిన మేలుకు కృతజ్ఞతగా, కథ ముగిసిన తరువాత జరిగే పెండ్లి. చిత్రాలలో ఆమె ఆలీబాబాకే ప్రేయసి అయినది. చూడడానికి ఇది చిన్నమార్పు. కాని ఈ మార్పుతో కథ యొక్క గురుత్వకేంద్రమే జరిగిపోయినది. దాసి తెలివితో నడిచిన కథ వీరుని ప్రేమకథ అయినది. మర్జీనాకు నృత్యం మిగిలినది. ఆ నృత్యం దేనికొరకో చాలమందికి గుర్తులేకపోయినది.

"పాతాళ భైరవి" (1951) తెలుగువారు గర్వించదగిన చిత్రమనుటలో సందేహం లేదు. శ్రీ కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి రచన, ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు - వీటిని మరచినవారు లేరు. అందులో అల్లాదీను కథాచ్ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. అరబ్బీ కథలో మాంత్రికుడు రాజకుమారిని మేడతో సహా ఎత్తుకొనిపోతాడు. అల్లాదీను మందు తెచ్చి ఇస్తాడు, నిజమే. కాని మాంత్రికుని విందుకు పిలిచి, నవ్వుతూ మాట్లాడి, ఆ పాత్ర చేతికిచ్చి తాగించేది రాజకుమారి. మన చిత్రంలో ఆ ఉపాయం ఎవరి వంతైనది? శిష్యుడు సదాజపుని వేషంలో వచ్చి మాంత్రికుని గడ్డం తీయించే అంజి వంతైనది. ఆ హాస్యం అద్భుతం. ఇందుమతికి మాత్రం చెరలో కన్నీరు కార్చడం, విడుదలకై వేచియుండడం మిగిలినవి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "పాతకథను ఉన్నది ఉన్నట్లు తీయవలెనా? మార్చుకొనే స్వేచ్ఛ కళాకారునికి లేదా?" అని. తప్పక ఉన్నది. ఆలీబాబా, అల్లాదీను కథలు ప్రాచీన అరబ్బీ ప్రతులలో లేనేలేవు. అలెప్పో వాసియైన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో పారిస్ నగరంలో నోటితో చెప్పగా, ఆంత్వాన్ గాలాం అనే పండితుడు విని, తన ఫ్రెంచి అనువాదంలో చేర్చినవి. చేతులు మారుతూ, వేషాలు మారుతూ వచ్చిన కథలకు మడి కట్టవలసిన పనిలేదు. కథ మారినందుకు మేము విచారించడం లేదు. మారినప్పుడల్లా కోల్పోయేది స్త్రీయే అయినందుకు విచారిస్తున్నాము. గులేబకావళి కథలో తన పుష్పం అపహరణకు గురియైనదని తెలిసి, పురుషవేషం ధరించి దొంగను వెదుకుతూ లోకంలోకి బయలుదేరేది బకావళి. ఆ అన్వేషణను పాత కథకుడు ఆమెకు నిస్సంకోచంగా ఇచ్చినాడు. అంతెందుకు, వెయ్యిన్నొక్క రాత్రులకు మూలమైన షహర్‌జాద్ చేసినది సాహసం కాక మరేమిటి? ప్రాణం తీయబోయే రాజును కథతో ఆపి, తనను, తనతోపాటు ఇతర కన్యలను కాపాడుకొన్నది.

"స్త్రీ కత్తి పడితే ప్రేక్షకులు చూడరు" అన్న మాట కూడ నిలువదు. 1935లోనే బొంబాయిలో వాడియా మూవీటోన్ వారి "హంటర్‌వాలీ"లో నాడియా కొరడా పట్టి, గుర్రమెక్కి దుష్టులను శిక్షిస్తే జనం విరగబడి చూసినారు. తెలుగులో 1970లో శ్రీ కె.ఎస్.ఆర్. దాస్ "రౌడీ రాణి"లో విజయలలిత తుపాకి పట్టినది. 1985లో "ప్రతిఘటన"లో విజయశాంతి కళాశాల ఉపన్యాసకురాలి పాత్రలో గొడ్డలి ఎత్తినది. 1990లో "కర్తవ్యం"లో పోలీసు అధికారిణిగా నటించి జాతీయ ఉత్తమనటి పురస్కారం పొందినది. ప్రేక్షకులు ఆదరించలేదని ఎవరు అనగలరు?

అయితే ఈ వరుసను నిదానించి చూస్తే మరొక చిక్కు కనిపిస్తున్నది. రౌడీ రాణి తుపాకి పట్టడానికి ముందు ఆమె కుటుంబం హతం కావలెను. ప్రతిఘటనలోని అధ్యాపకురాలు గొడ్డలి ఎత్తడానికి ముందు నడివీధిలో ఆమెకు వస్త్రాపహరణం జరుగవలెను. వీరుడు వీరుడైనందువల్ల సాహసానికి బయలుదేరుతాడు. తోటరాముడు కోరిన పిల్లకోసం ఏ గుహకైనా పోతాడు. స్త్రీ మాత్రం ముందుగా గాయపడి, ఆ గాయాన్ని అనుమతిపత్రంగా చూపితేనే కత్తి చేతికి వస్తుంది. "కర్తవ్యం" ఈ విషయంలో కొంత మేలు. అక్కడ నాయిక ధైర్యానికి మొదటి ఆధారం ఆమె ఉద్యోగధర్మం. మర్జీనాకు ఏ అవమానమూ జరుగలేదు, ఏ పగా లేదు. ఇంటికి ఆపద వచ్చినది, ఆమె మేలుకొని ఉన్నది, బుద్ధి ఉన్నది. అంతే చాలినది.

నేటి భారీచిత్రాలలో ఈ చిక్కు విడిపోయినదా? "బాహుబలి" మొదటి భాగం (2015)లో అవంతిక యోధురాలు. దేవసేనను చెరవిడిపించే కార్యం ఆమెకు అప్పగింపబడినది. కథానాయకుడు ఆమెకు తెలియకుండ చేతిపై చిత్రం గీసి, ఆమె వారిస్తున్నా జుట్టు విప్పి, దుస్తులు సవరించి ఆమెను "అందగత్తె"ను చేస్తాడు. అటుపిమ్మట ఆ కార్యాన్ని తానే భుజాన వేసుకొని వెళ్లిపోతాడు. రెండవ భాగం (2017)లో ఆమె కనిపించడమే అరుదు. న్యాయం చెప్పవలెనంటే అదే రెండవ భాగంలో దేవసేన ఉన్నది. స్త్రీలపై చేయి వేసిన సేనాపతి వ్రేళ్లను నరికిన ఆమె ధైర్యం మెచ్చదగినది. అయినా ఒకేసారి మూడు బాణాలు వేయడం ఆమెకు వీరుడే నేర్పవలసి వచ్చినది!

ఇదంతా వినోదం, ఇంత విచారణ ఎందుకని కొందరు అనవచ్చును. మేము ఉండే చోటును బట్టి ఈ విచారణ కలిగినది. ఈ మన్యపు అందాలను చిత్రీకరించడానికి ఎందరో వస్తారు. చేయీ చేయీ కలిపి థింసా ఆడే స్త్రీలు పాటలో నాయిక వెనుక వరుసగా నిలబడతారు. పాట ముగియగానే వారి పని ముగుస్తుంది. ఆ స్త్రీలే కట్టెలమోపుతో కొండ దిగుతారు, సంతలో బేరమాడి ఇల్లు నడుపుతారు, రోడ్డు లేని ఊరినుండి నిండుచూలాలిని డోలీలో తెచ్చేటప్పుడు వెంట నడుస్తారు. వారి వెనుక ఏ పగా లేదు, ముందు ఏ వీరుడూ లేడు. పాచిపెంట వీధులలో పుస్తకాలు పట్టుకొని మన కళాశాలకు వచ్చే విద్యార్థినికి, ఆమె ముసల్మాను ఇంటి బిడ్డ అయినా గిరిజనుల ఇంటి బిడ్డ అయినా, తెర చెప్పే పాఠం ఒక్కటే: ఆపద వచ్చినప్పుడు వేచియుండుము, ఎవరో వస్తారు. మర్జీనా చెప్పే పాఠం వేరు: ఆపద వచ్చినప్పుడు చూడుము, ఆలోచింపుము, చేయుము.

కావున కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటి. వచ్చే వార్షికోత్సవంలో ఆలీబాబా కథను నాటకంగా ప్రదర్శించవలెను. సినిమానుండి కాక, అలిఫ్ లైలా నుండి రాయించవలెను. ఉర్దూ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు కలిసి రాస్తే మరింత శోభ. మర్జీనా పాత్ర విద్యార్థినికే ఇవ్వవలెను. తలుపులపై గుర్తులు మొదలు చివరి కత్తివరకు ఆ పాత్రకు గల పనులన్నీ ఆమెకే ఉంచవలెను. విద్యార్థినులు రిహార్సలుకు ఆలస్యంగా ఉండవలసి వస్తే ఇంటికి చేర్చే ఏర్పాటును సంఘంవారే చూడవలెను. ఆ మాత్రం ఏర్పాటు లేనందువల్లనే సాధారణంగా అటువంటి పాత్రలు చీర కట్టిన కుర్రవాని పాలవుతాయి.

సోదర విద్యార్థులకు కూడ ఒక మాట. ఈసారి సినిమా చూసినప్పుడు మూడు సంగతులు గమనించండి. రహస్యం ఎవరికి తెలిసినది? ఉపాయం ఎవరు పన్నినారు? చివరి పని ఎవరి చేతిమీదుగా జరిగినది? ఈ మూడింటికి ఒకే పేరు వస్తూ ఉంటే, పాతకథలో ఆ పని ఎవరిదో గ్రంథాలయానికి వెళ్లి వెదకండి. చాలసార్లు అక్కడ ఒక స్త్రీ పేరు కనిపిస్తుంది.