శ్రోతల ఋణము

ఇటీవల మన జిల్లాలలోని యొక పట్టణమున జరిగిన త్యాగరాజారాధన సభకు మేము పోయియుంటిమి. సాయంకాలము ఆరు గంటలకు గానసభ యని కరపత్రములలో అచ్చువేసిరి. ఆరున్నరకు అధ్యక్షులు వేంచేసిరి. అటుపిమ్మట స్వాగతవచనములు, సందేశములు, సన్మానములు, శాలువలు, ఛాయాచిత్రములు. గాయకునకు వేదిక చిక్కునప్పటికి ఎనిమిది దాటినది. తొమ్మిదింటికి మందిరమును వేరొకరికి అప్పగింపవలసి యుండెనట. ఆయన ప్రధానకృతి నందుకొనగనే నిర్వాహకులలో నొకరు వేదిక ప్రక్కకు వచ్చి చేతిగడియారమును జూపసాగిరి. మృదంగవిద్వాంసుడు తని ఆవర్తనమునకు నోచుకొననే లేదు. సభాసదులు ఇండ్లకు బోవుచు, “ఈ కాలమున శాస్త్రీయ సంగీత మెవరికి గావలెను?” అని చెప్పుకొనుచుండిరి. వినిపింపనీయని సంగీతమునకు ప్రియులు లేరని తీర్పు చెప్పుట యే న్యాయమో మాకు బోధపడలేదు.

ఈ తీర్పును మే మంగీకరింపజాలము. మన సంగీతము ప్రాతకాలపు గదిలో తలుపులు బిగించుకొని కూర్చున్నదనియు, నేటి జనులు దానిని వినలేరనియు చెప్పువారు సాక్ష్యమును విచారింపలేదు. నేడు వాయులీనము లేని కచేరీని మనము ఊహింపజాలము. అది పరదేశపు వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు (1786-1859) చెన్నపట్టణమున ఐరోపీయులవద్ద దానిని నేర్చి మన గానమునకు అలవరచెను. పెట్టె పరాయిది, పలికిన రాగము మనది. తరువాతి కాలమున విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యులై యుండిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964), గాయకుని ప్రక్కన తోడుగా నుండిన ఆ వాద్యమును వేదిక నడుమ నిలిపి, కచేరీ భారమంతయు దానిచేతనే మోయించిరి.

రాజాస్థానములు క్షీణించి, టిక్కెట్టు కొని వచ్చు గృహస్థుడు శ్రోతయైనప్పుడు, గాయకులు అతనిని నిందించుచు కూర్చుండలేదు. అరియక్కుడి రామానుజయ్యంగారు (1890-1967) కచేరీకి క్రొత్త క్రమమును కల్పించిరి. వర్ణముతో నారంభము, పలు కృతులు, రాగ తాన పల్లవి, కడపట తేలికపాటలు. పండితునకును పామరునకును ఒకే విస్తరిలో భోజనము పెట్టినట్లు ఆ క్రమ మమరినది. 1927లో చెన్నపట్టణమున కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు అఖిల భారత సంగీత సభయు జరుగగా, దాని ఫలితముగా 1928లో మదరాసు సంగీత విద్వత్సభ వెలసినది. స్వరాజ్యమును గోరిన జాతి తన గానమును గూడ తన చేతులలోనికి దీసికొనగోరినదని దీని తాత్పర్యము.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము నెలకొన్నది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930-2016) మొదలగువారి కృషిచే అచ్చట ప్రసారమైన ‘భక్తిరంజని’ ఆంధ్రుల వంటయిండ్లలోనికిని, అరుగుల మీదికిని ప్రవేశించినది. సభామందిరము గుమ్మమైన త్రొక్కని గృహిణులు రామదాసు కీర్తనలను పని చేసికొనుచు వినిరి. వారికి రాగముల పేరులు తెలియకపోవచ్చును. అపస్వరము పలికినచో మాత్రము తెలిసెడిది. శ్రోతను సిద్ధపరచుట యనగా నిదియే.

ఇంక పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాట. మాండొలిన్ మెట్లు గల చిన్న వాద్యము. దాని నాదము పుట్టినంతలోనే అణగిపోవును. గమకము దానిపై పలుకునా యని పెద్దలు సందేహించిరి. ఆ బాలుడు జంటతంతులను మాని అయిదు ఒంటితంతులను బిగించి, విద్యుచ్ఛక్తి సాయమున నాదమును నిలిపి, గురువు పాడిన ప్రతి సంగతిని తంతిపై పలికించెను. అతని మొదటి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున జరిగినది. 2014లో నలుబదియైదవయేట మరణించునాటికి దేశదేశముల శ్రోతలు అతని చేతి రాగములను విని తలలూపిరి. ఆనాడు గుడివాడలో ఆ తొమ్మిదేండ్ల బాలునకు ఎవరైన చేతిగడియారమును జూపియుండినచో నేమగునో పాఠకులే యోజింపుదురు గాక.

ఈ విద్వాంసులందరును మార్పు చేసినవారే. అయినను వారు మార్చినవి వాద్యము, కాలపరిమాణము, వేదిక, ప్రసారసాధనము. శ్రుతిని మార్చలేదు, లయను సడలింపలేదు, గమకమును విడువలేదు, సాహిత్యమును నమలి మ్రింగలేదు. కనుక సంప్రదాయము పేరిట ప్రతి నూతన ప్రయత్నమునకును అడ్డుపడు మిత్రులకు మా మనవి యిది: మీరు సంప్రదాయమని కాపాడుచున్న వాయులీనము ఒకనాటి నూతన ప్రయత్నమే. రెండవ పక్షమువారికి గూడ ఒక మాట చెప్పవలసియున్నది. రాగమున కొక తునుక, డప్పుల మోత, దీపముల తళుకు కలిపి “యువకులకు గావలసిన దిదియే” యనుట యువకుల బుద్ధిని అవమానించుటయే. యువకుడు కష్టమైనదానిని గ్రహింపలేడని ముందుగా నిశ్చయించి, అతనికి సులభమైనదానినే పెట్టి, పిమ్మట అతనికి రుచి లేదని విచారించుట వంచన.

ఈ వ్యవహారమున విద్వాంసుల పూచీ చాలవరకు తీరినది. తీరనిది మనది. త్యాగరాజు మనవాడనియు, క్షేత్రయ్య మనవాడనియు, దక్షిణదేశపు సంగీతమునకు తెలుగే మాతృభాష యనియు మన వేదికలపై చెప్పుకొనని సంవత్సరము లేదు. న్యాయస్థానములలో మేము నిత్యమును జూచు సంగతి యొకటి కలదు. తండ్రి ఆస్తికి వారసుడనని ముందుకు వచ్చువాడు, ఆ ఆస్తిపై నిలిచిన ఋణములను తీర్పవలసివచ్చునప్పుడు వెనుకకు జరుగును. మన స్థితియు నట్లేయున్నది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి మందిరమును గట్టించుటకు తన యార్జనమంతయు ధారవోసినది బెంగుళూరు నాగరత్నమ్మ. పలుకుపలుకును కష్టపడి నేర్చి మన భాషను గానము చేయుచున్నవారు తమిళులు, కన్నడిగులు, మలయాళీలు. అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున సయితము 1978 మొదలు ఆరాధన నడచుచున్నది. అచ్చటి పిల్లలు భాష రాకున్నను ఆ కృతులను కంఠస్థము చేయుచున్నారు. భాష వచ్చిన మన పిల్లలకు ఎన్ని కృతులు వచ్చునో ప్రతి గృహస్థుడును తన యింట లెక్క చూచుకొనవచ్చును.

తమిళ సోదరులు 1940 తరువాత తమ భాషలో పాటలు వినబడవలెనని ఉద్యమించి, 1943లో తమిళ ఇసై సంఘమును నెలకొల్పుకొనిరి. అప్పుడు మనలో కొందరు దానిని తెలుగుపై దండయాత్రగా దలచిరి. అది పొరపాటు. తన పాట తనకు అర్థము గావలెనని శ్రోత కోరుట ధర్మమైన కోరిక. వారు పోరాడి సంపాదించుకొన్నది మనకు అయాచితముగా దొరకినది. అయాచితముగా దొరకిన దగుటచేతనే కాబోలు, దాని విలువ మనకు తెలియలేదు.

ఋణమును దీర్చుటకు పెద్ద నిధులును, క్రొత్త శాఖలును అక్కరలేదు. గానసభలో గానమునకు ముందు ఉపన్యాస ముండరాదు. సన్మాన ముండినచో కచేరీ ముగిసిన పిదప జరుగవలెను. సభానిర్వాహకులు లెక్కలు వ్రాయునపుడు మృదంగమునకును వాయులీనమునకును ఈయవలసిన సొమ్మును పందిరి ఖర్చుకంటె ముందు వ్రాయవలెను. గాయకుడు రాగమును గూర్చియు సాహిత్యమును గూర్చియు రెండు మాటలు తేటతెలుగున చెప్పినచో క్రొత్త శ్రోతకు దారి దొరకును. దాని వలన విద్వత్తునకు లోపము రాదు. సభలు ధనికుల పేటలలోనే జరుగనేల? పురపాలక పాఠశాలయందును, గ్రంథాలయమునందును, కార్మికుల వాడలయందును జరుగవలెను. ఉన్నత పాఠశాలలో వారమునకు ఒక గంట సంగీతమున కుండవలెను. ఆ గంటను గణితమున కప్పగింపరాదు. తల్లిదండ్రులు నెల కొక కచేరీకి పిల్లలను వెంటబెట్టుకొని పోయి, టిక్కెట్టు కొని, కడవరకు కూర్చుండవలెను.

కడపట ఒక్క సంగతి. 1942 ఉద్యమమున కారాగారమునకు బోయినవారును, పిదప చలనచిత్రముల మూలమున రాగభావమును పల్లెపల్లెకు చేర్చినవారును అగు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యమున సంగీతము నేర్చుటకై విజయనగరము చేరిరి. చేత ధనము లేదు. మాధుకర మెత్తుకొని, ఆ యిండ్లవారు పెట్టిన అన్నముతో విద్య పూర్తిచేసిరి. ఆ పట్టణపు తల్లులు సంగీతోద్ధరణమును గూర్చి తీర్మానములు చేయలేదు, వేదిక నెక్కి మాటలాడలేదు. వాకిట నిలిచిన బాలుని జోలెలో ఒక్క ముద్ద వేసిరి. ఆ ముద్ద ఫలము తెలుగుదేశ మంతయు ననుభవించినది. నేడు మన వాకిట నిలిచిన విద్వాంసుడు మన నడుగుచున్నది రెండు గంటల నిశ్శబ్దము. ఆ మాత్రము పెట్టజాలని యిల్లు త్యాగరాజు పేరు చెప్పుకొనుటకు తగదు.