పందెమేమి?

పంటకోతలు ముగిసిన పిమ్మట శంకరంపేట వంటి మెదకు పల్లెపట్టుల బయళ్ళలో సున్నపు గీతలు గీచి పడుచువాండ్రు కబడ్డీ యాడుట క్రొత్త గాదు. చుట్టును గుమిగూడినవారికి కూతకు వెళ్ళినవాడెవరి కొడుకో, నిన్న నే చేనిలో పనిచేసెనో తెలిసియుండును. వాని మోకాలి దెబ్బ వీరికిని నొచ్చును. క్రీడాచిత్రములను నేటి జనులేల ఆదరించుచున్నారని విచారించువారు మొదట నీ బయలును చూడవలెనని మా అభిప్రాయము.

చిత్రకథానాయకుడు తుదకు గెలుచునని టిక్కెట్టు కొన్న ప్రతివాడు నెరుగును. కావున ఉత్కంఠ ఆట ఫలితమునందు గాక మరియొకచోట నుండవలెను. 2001లో వెలువడిన ‘లగాన్’ హిందీ చిత్రమున పల్లెవారు గెలిచినచో మూడేండ్ల శిస్తు రద్దు, ఓడినచో ముమ్మడి శిస్తు. క్రికెట్టు నియమములెరుగని ముదుసలికిని శిస్తనగా నేమో తెలియును. భూమిగల మా చదువరులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

2019లో గౌతమ్ తిన్ననూరి తీసిన ‘జెర్సీ’లో పందెమింకను చిన్నది: ఐదువందల రూపాయల చొక్కా. కొడుకడిగిన ఆ చొక్కాను కొనలేని తండ్రి ముప్పదియారేండ్ల వయసున మరల బ్యాటు పట్టును. జట్టులోనికి ఎంపికయిన దినమున నతడు రైలుస్టేషనునకు బోయి, సాగిపోవు రైలు హోరులో గొంతెత్తి కేకవేయును. ఆ ఘట్టమున బంతి లేదు, మైదానము లేదు. అయినను ఆ చిత్రమునకు ప్రాణమదియే. ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించినది. ఆ యేడే వచ్చిన ‘కౌసల్య కృష్ణమూర్తి’ అరవ చిత్రమునకు అనుసరణమే యైనను, అప్పులపాలైన రైతును, ఆటకై తపించు నాతని బిడ్డను ఒకే యింట నిలిపి చూపెను.

ఇక 2022లో ‘గని’, ‘లైగర్’ వచ్చినవి. కండలు పెంచిరి, ధనము వెదజల్లిరి. ప్రేక్షకులు ముఖము చాటువేసిరి. పందెమేమో తెలియక ముష్టిఘాతములను ఎంతసేపని చూతురు?

మా మనస్సును కలచుచున్న విషయము వేరొకటి. అజహరుద్దీను కథ 2016లోను, నిజామాబాదు ప్రాంతపు పాకాల నుండి బయలుదేరి 2014లో పదమూడవ యేటనే ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ కథ 2017లోను, మిథాలీ రాజు కథ 2022లోను, సయ్యద్ అబ్దుల్ రహీం కథ ‘మైదాన్’ పేర 2024లోను తెరకెక్కినవి. నలుగురును మన నేలపై ఎదిగినవారు; నాలుగును హిందీ చిత్రములు! రహీం హైదరాబాదున ఉపాధ్యాయుడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము గెలిపించెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున మన జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను. క్యాన్సరు దేహమును తినివేయుచుండగా 1962లో జకార్తాలో మరల స్వర్ణము సాధించి, మరుసటి యేడు కన్నుమూసెను. ఇంతకు మించిన పందెమును ఏ రచయిత కల్పింపగలడు? ఈ కథ బొంబాయివారి కంటబడినది. మన నిర్మాతల కంట బడలేదు. 1991లో పరుగుపందెముల అశ్వినీ నాచప్ప చేతనే ‘అశ్విని’లో నటింపజేసిన తెలుగు చిత్రసీమకు ఆ సాహసమిప్పుడేల కొరవడెను? తారకు తగిన కథను వెదకుటయే గాని కథకు తగిన మనిషిని వెదకుట మానిరి; అదియే కారణమని మేము తలంచెదము.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున కూలివారి బిడ్డ జీవాంజి దీప్తి. బుద్ధిమాంద్యము గలదని ఊరివారు వెక్కిరించిరి. 2024లో కోబేలో నాలుగువందల మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ యేడే పారిస్ పారాలింపిక్సున కాంస్యము గెలిచెను. కష్టకాలమున అమ్ముకొన్న పొలమును ఆమె సంపాదనతో తల్లిదండ్రులు తిరిగి కొనిరి. ఈ చిత్రము తీయుటకు విదేశములలో సెట్టింగులు వేయ నక్కరలేదు. ఆ పొలము కల్లెడలోనే యున్నది.