పిలిచి తిట్టకండి

"మీ కుక్కపిల్ల అస్సలు మాట వినదండీ" అంది కింది వాటా ఆవిడ. నిజానికి అది మా మాట బాగానే వింది. తప్పు మాది.

గేటు తీసి ఉందని మూడు నెలల మా లడ్డు రోడ్డెక్కింది. "లడ్డూ, రా!" అని గొంతు చించుకుని అరిచాను. ఆగింది, వెనక్కి తిరిగి నన్ను చూసింది, ఇంకా దూరం పరుగెత్తింది. ఆటో అబ్బాయి సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది.

ఎందుకు రాలేదా అని ఆలోచించాను. పొద్దున చెప్పు కొరికిందని మావారు "రా" అని పిలిచి ఒకటి వేశారు. హాల్లో తడిపిందని నేను పిలిచి తిట్టాను. ఆడుకుంటుంటే పిలిచి గొలుసు కట్టేశాం. ఇక "రా" అంటే దానికి "రా, నీ పని చెప్తా" అనే కదా!

"రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. గంట క్రితం కొరికిన చెప్పుకీ, ఇప్పుడు పడ్డ దెబ్బకీ సంబంధం కుక్కపిల్లకి తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: పిలిస్తే వచ్చాను, వస్తే కొట్టారు.

అందుకే ఇంట్లో కొత్త రూలు పెట్టాను. పిలుపు మంచికే. అత్తయ్యగారు "ఇలా రావే" అని, పిల్లలు "కమ్" అని పిలిచేవాళ్లు. ఇప్పుడు అందరిదీ "రా" ఒక్కటే. అదీ ఒక్కసారే, పదిసార్లు అరవడం లేదు. ముందు హాల్లో రెండడుగుల దూరం నుంచి, తర్వాత పక్క గదిలోంచి, ఆ తర్వాత మేడ మీద పొడుగు తాడు కట్టి. రాగానే ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, ఒక మెచ్చుకోలు, మళ్లీ ఆటకి వదిలేయడం. ఆలస్యంగా వచ్చినా తిట్టడం లేదు. పారిపోతే వెంటపడం, అది ఆటనుకుంటుంది; మేమే ఎదురు దిక్కుకి పరుగెడితే అది మా వెంట వస్తుంది. స్నానానికి మాత్రం పిలవం, వెళ్లి ఎత్తుకొస్తాం.

"లంచమిచ్చి నేర్పుతావా?" అన్నారు మావారు. "జీతం ఇవ్వకపోతే మీరు ఆఫీసుకి వెళ్తారా?" అన్నాను. జీతం లేకుండా పనిచేసేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

మూడు వారాలైంది. ఇప్పుడు ఇంట్లో, మేడ మీద పిలిస్తే లడ్డు చెవులు ఎగరేసుకుంటూ వస్తుంది. రోడ్డు దగ్గర మాత్రం ఇంకా తాడు విప్పడం లేదు.

మొన్న జడ వేద్దామని మా అమ్మాయిని "ఇలా రా" అని పిలిచాను. గదిలోంచే అడిగింది, "నేనేం చేశానమ్మా?"

దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత నేనే దాని గదిలోకి వెళ్లాను.