కుక్కకుఁ బండుగ భోజనము

“కనుమనాఁడు మిగిలిన మాంసపుఁగూరయు గారెలును మా కుక్కకుఁ బెట్టితిమి. రెండు దినములు వాంతులై లేవలేకపోయినది. మేము తిన్నదే కదా, దానికేల పడలేదు?” అని యొక సోదరి యడిగియున్నది.

క్రొవ్వు మిక్కుటముగాఁ దిన్న కుక్కకుఁ గొన్ని వేళల క్లోమగ్రంథి వాచును. మాటిమాటికి వాంతి చేసికొని, కడుపునొప్పిచే వెన్ను వంచి నిలుచును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కావున వాంతులు నిలువకున్నచో నాపూటయే పశువైద్యునికిఁ జూపవలయును. చిట్కాలతోఁ గాలము పుచ్చరాదు.

ఉప్పు సంగతి వేఱు. కుక్కకు మనవలె మేనెల్లఁ జెమట పట్టదు గనుక, ఆ రూపమునఁ బోవు నుప్పు బహుస్వల్పము. అప్పడపు ముక్క యొకటి తిన్నంతమాత్రమున భయములేదు. ఉప్పుచేపలు విస్తారముగాఁ దిన్నచో మాత్రము దప్పి, వణఁకు, మూర్ఛయుఁ గలుగవచ్చును. త్రాగుటకు నీళ్లెప్పుడు నుంచుఁడు. కూరలోని యుల్లియు వెల్లుల్లియు నుడికినను దాని రక్తకణములను జెఱచును. ఈ సంగతి పలువురెఱుఁగరు.

గడపయొద్దఁ దోఁక యాడించుచుఁ గూర్చున్నదానిని గసరి పంపుటకు మనసొప్పదు, నిజమే. కూర తాలింపునకు ముందే, చర్మమును ఎముకలును దీసిన కోడిమాంసము రెండు ముక్కలు ఉప్పులేక విడిగా నుడికించి, పిడికెఁడన్నముతోఁ గలిపి పెట్టుఁడు.